మద్‌యన్ బావి దగ్గర ఆగిన స్త్రీలు

హజ్రత్ మూసా (అలై) ప్రాణాలు అరచేత పట్టుకొని ఈజిప్టు నుండి బయలుదేరారు. వెంట తోడు లేదు, తలదాచుకోవడానికి చోటు లేదు. మద్‌యన్ చేరేసరికి అక్కడి బావి దగ్గర జనం గుమిగూడి తమ పశువులకు నీళ్లు తాగిస్తున్నారు. ఆ గుంపుకు ఎడంగా ఇద్దరు స్త్రీలు తమ మందను ముందుకు పోనీయకుండా ఆపుకుంటూ నిలబడి ఉన్నారు. దివ్యఖుర్ఆన్‌లోని ‘అల్ ఖసస్’ సూరాలో (28: 23–28) ఈ సంఘటన మనకు కనిపిస్తుంది.

ఆ ఇద్దరూ వేడుక చూడటానికి వచ్చినవారు కారు, పనికి వచ్చినవారు. ఇంట్లో తండ్రి ముసలివాడు. మందను మేపే భారం వారి మీద పడింది. పని తెలుసు, మంద తమదే, నీరు అందరిదీ. అయినా మగవాళ్లంతా తోడుకొని వెళ్లిపోయేదాకా వారి వంతు రాదు. ప్రతి రోజూ అదే తంతు. అక్కడున్న వాళ్లలో ఒక్కడైనా వారిని కొట్టినట్లు, తిట్టినట్లు ఖుర్ఆన్ చెప్పలేదు. వాళ్లకు ఆ స్త్రీలు అసలు కనిపించనే లేదు, అంతే.

కొత్తగా ఆ ఊరికి వచ్చిన బాటసారికి కనిపించారు. ఆయన ఏమి చేశారో నింపాదిగా చూద్దాం. మనమైతే ‘మగవాళ్ల మధ్యకు మీరెందుకు వచ్చారమ్మా, ఇంట్లో మగదిక్కు లేదా?’ అని మొదలుపెట్టేవాళ్లం. మూసా (అలై) అలా అనలేదు. మీ విషయం ఏమిటని మాత్రమే అడిగారు. కాపరులు తమ పశువులను తోలుకుపోయేదాకా తాము నీళ్లు పెట్టలేమని, తమ తండ్రి బాగా వృద్ధుడని వారు రెండు ముక్కల్లో చెప్పారు. ఆయన వారి మందకు నీళ్లు పెట్టారు. తరువాత వెళ్లి నీడలో కూర్చున్నారు. తానెవరో చెప్పుకోలేదు, కూలి అడగలేదు, ధన్యవాదాల కోసం నిలబడలేదు. ఆకలితో ఉన్న మనిషి చేయి చాచింది అల్లాహ్ ముందే. (ఆ వృద్ధుడు హజ్రత్ షుఐబ్ (అలై) అని కొందరు వ్యాఖ్యాతలు, కాదని మరికొందరు అంటారు. మన విషయానికి ఆ చర్చ అవసరం లేదు.)

సోదర సోదరీమణులారా! ఆ బావి ఒక్క మద్‌యన్‌లోనే లేదు. తిరుచానూరులో మేముండే వీధి చివర కూడా ఉంది.

తెల్లవారకముందే చుట్టుపక్కల పల్లెల నుండి, కాలనీల నుండి షేర్ ఆటోలు వస్తాయి. దిగేవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. లాడ్జీలలో గదులు కడిగేవారు, కల్యాణ మండపాల్లో అండాలు తోమేవారు, రోడ్లు ఊడ్చేవారు, హోటళ్లలో కూరగాయలు తరిగేవారు. కార్తీక మాసంలో ఇక్కడి అమ్మవారి బ్రహ్మోత్సవాలు జరిగినప్పుడు, ముఖ్యంగా పంచమి తీర్థం నాడు, ఊరు పట్టనంత జనం వస్తారు. మరునాడు ఊరు మళ్లీ శుభ్రంగా కనబడుతుంది. ఎలా శుభ్రమయిందని ఎవరూ అడగరు. ఇంకొంచెం దూరంలో రేణిగుంట వైపు, శ్రీసిటీ వైపు కంపెనీ బస్సుల్లో పోయే అమ్మాయిలు వేరే. వీరందరిలో దళితవాడల నుండి వచ్చేవారున్నారు, యానాదులున్నారు, బీద కులాలవారున్నారు. బుర్ఖా మడిచి సంచిలో పెట్టుకొని పనిలోకి దిగే మన ఆడపిల్లలూ ఉన్నారు.

వారిమీద అజమాయిషీ చేసే మేస్త్రీలలో, సూపర్‌వైజర్లలో, దుకాణదారులలో మన సోదరులూ ఉన్నారు. అందువల్ల ఈ మాటలు ఎవరికో చెబుతున్నవి కావు, మనకు మనం చెప్పుకుంటున్నవి.

స్త్రీ అయినందుకే పనిచోట ఒక బరువు మోయాలి. దానిమీద కులం ఒకటి, ఒంటి రంగు ఒకటి, మతం ఒకటి పేర్చితే ఆ బరువు ఎంతవుతుందో మోసేవారికే తెలుసు. మాకు తెలిసిన ఒక దుకాణంలో తలకు స్కార్ఫు కట్టుకున్న మన అమ్మాయిని ‘నువ్వు కౌంటరు దగ్గర వద్దు, వెనక ప్యాకింగులో ఉండు’ అన్నారు. ఆ కబురు విని మనవాళ్లందరూ బాధపడ్డారు, కోపగించుకున్నారు. న్యాయమైన కోపమే. అయితే అదే దుకాణంలో అప్పటికి రెండేళ్లుగా మరొక అమ్మాయి అదే ప్యాకింగు గదిలో ఉంది. లెక్కల్లో చురుకైనది, మాట నెమ్మదైనది. కానీ నల్లగా ఉంటుంది. ‘గిరాకీ ముందు కాస్త రంగున్న పిల్ల ఉండాలి’ అన్నది అక్కడి కారణం. ఆ రెండేళ్లూ ఆ దుకాణానికి పోయివచ్చిన మనలో ఎవరికీ కోపం రాలేదు. అల్ మాయిదా సూరాలో (5: 8) అల్లాహ్ విశ్వాసులకిచ్చిన ఆజ్ఞ ఏమిటి? ఒక జాతి మీద పగ ఉన్నా సరే, న్యాయం తప్పవద్దని. పగ ఉన్నవారి విషయంలోనే న్యాయం తప్పకూడదంటే, మనకు ఏ అపకారమూ చేయని ఆ పిల్ల విషయంలో?

రంగు మాట వచ్చింది కనుక దానిమీద కాస్త ఆగుదాం. మనుషుల భాషలు, రంగులు వేరువేరుగా ఉండటం తన సూచనల్లో ఒకటని అల్లాహ్ అర్‌రూమ్ సూరాలో (30: 22) తెలియజేశాడు. సూచన అంటే చూసి సృష్టికర్తను గుర్తించవలసినది. మనం దాన్ని చూసి పిల్లకు ధర కడుతున్నాం! పెళ్లిచూపుల్లో ‘అమ్మాయి రంగు తక్కువ’ అనే మాట మన ఇండ్లలో ఎంత తేలికగా దొర్లుతుందో వేరే చెప్పాలా? ఆ నాలుకే మరునాడు ఉద్యోగం చోటికి వెళుతుంది.

హజ్రత్ అబూజర్ గిఫారీ (రజి) ఎంతటి సహాబీయో మీకు తెలుసు. ఆయన ఒకసారి కోపంలో ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి ఎగతాళి చేశారు. ఆ వ్యక్తి హజ్రత్ బిలాల్ (రజి) అని, నల్లదాని కొడుకా అన్న అర్థంలో ఆ మాట అన్నారని ఉల్లేఖకులు చెబుతారు. గమనించండి, గొడవ ఇద్దరు మగవాళ్ల మధ్య. దెబ్బ మాత్రం అక్కడలేని ఒక నల్లజాతి స్త్రీకి! దైవప్రవక్త (స) విని, అజ్ఞానకాలపు వాసన నీలో ఇంకా మిగిలే ఉందని అబూజర్‌ను మందలించారు. మీ చేతికింద పనిచేసేవారు మీ సోదరులని, మీరు తినేది వారికి పెట్టాలని, మీరు తొడిగేది వారికి తొడిగించాలని, శక్తికి మించిన పని అప్పగించరాదని, అప్పగిస్తే తామే ఒక చేయి వేయాలని ఆ సందర్భంలోనే బోధించారు. ఈ హదీసు బుఖారీలో ఉంది. చాలా ఏళ్ల తరువాత రబదా అనే చోట ఒకాయన అబూజర్‌ను చూశాడు. ఆయన ఒంటిమీద ఎలాంటి దుస్తులున్నాయో ఆయన సేవకుని ఒంటిమీదా అలాంటివే ఉన్నాయి. ఇదేమిటని అడిగితే ఆయన తన తప్పును దాచుకోకుండా ఈ కథంతా చెప్పారు. ఆ ఒక్క మందలింపు ఆయన బట్టల పెట్టెదాకా వెళ్లింది. మన విషయంలో అది చెవి దగ్గరే ఆగిపోతోంది.

హబ్షీ మూలాలున్న సోదర సోదరీమణులు హైదరాబాదులోనే ఉన్నారు. నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం పేరుమీదే అక్కడి ఏ.సి.గార్డ్స్ పేట వెలిసింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు రిజర్వేషన్లు కల్పించిన జాబితాలో సిద్దీ, హబ్షీ పేర్లు కూడా చేరాయి. ఒకే వరుసలో నమాజు చేసే సముదాయంలోనూ వెనుక నిలబెట్టబడినవారు ఉన్నారనడానికి ప్రభుత్వ కాగితం సాక్ష్యం చెప్పవలసి వచ్చింది.

ఇప్పుడు మదీనాకు వెళదాం. మస్జిదె నబవీని ఊడ్చే ఒక నల్లజాతి స్త్రీ ఉండేది. కొన్ని ఉల్లేఖనాల్లో ఆమె పేరు ఉమ్మె మిహ్జన్ అని వచ్చింది. కొన్నాళ్లుగా ఆమె కనబడకపోవడంతో దైవప్రవక్త (స) ఆరా తీశారు. చనిపోయిందని చెప్పారు. నాకెందుకు తెలియజేయలేదని ఆయన నిలదీశారు. సహాబీలకు అది అంత పెద్ద విషయంగా తోచలేదు. ఆయన (స) ఆమె సమాధి ఎక్కడో చూపించమని అడిగి, అక్కడికి వెళ్లి ఆమె కోసం జనాజా నమాజు చేశారు.

ఎన్నో యుద్ధాలు, ఒప్పందాలు, రాయబారాల భారం మోస్తున్న నాయకుడు, ఊడ్చే స్త్రీ కనబడటం లేదని గమనించారు. ఆమె అక్కడ ఉన్నప్పుడు ఆయన ఆమెను చూసేవారు గనుకనే లేనప్పుడు లోటు తెలిసింది. మన మసీదు వుజూఖానా కడిగే ఆమె పేరేమిటి? మన ఆఫీసులో మన బల్ల తుడిచే ఆమె రాకపోతే మనం ‘దుమ్ము తుడవలేదే’ అంటామా, ‘ఆమె రాలేదే, ఒంట్లో బాగుందా’ అంటామా?

ఇక మా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

చాలా ఏళ్ల క్రితం మేము పనిచేసిన ఒక చోట లెక్కలు చూసే ఒక సోదరి ఉండేది. దళిత కుటుంబం, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన ఆడపిల్ల. సరుకు లెక్కల్లో ప్రతి నెలా ఎక్కడో తేడా వచ్చేది. ఎవరికీ అంతు పట్టలేదు. ఆమె మూడు వారాలు పాత రిజిస్టర్లు తిరగేసి తేడా ఎక్కడ పుడుతోందో పట్టుకుంది, సరిచేసే మార్గం కూడా కాగితం మీద రాసింది. మీటింగులో ఆమె చెప్పబోతే పెద్దాయన ‘ముందు అందరికీ టీ చెప్పమ్మా’ అన్నారు. ఆమె లేచి వెళ్లి వచ్చేలోగా పక్కనున్న కుర్రవాడు ఆ కాగితం చేతిలోకి తీసుకొని చదివి వినిపించాడు. అందరూ అతన్ని మెచ్చుకున్నారు. ఆ కాగితం ఎవరిదో మాకు తెలుసు. రాస్తుండగా చూశాం. నోరు విప్పలేదు. సాయంత్రం వరండాలో ఆమె దగ్గరకు వెళ్లి, ‘నీకు అన్యాయం జరిగిందమ్మా, మనసులో మేము నీ పక్షమే’ అన్నాం. ఏదో గొప్ప ఓదార్పు చెప్పినట్లు అనుకున్నాం.

ఆమె చెప్పిన జవాబు ఇప్పటికీ చెవిలో ఉంది. ‘మనసులో ఉంటే నాకెట్లా తెలుస్తాది సార్? ఆడ, అందరి ముందర ఒక మాట అనుంటే తెలిసేది.’

చెడును చూసినప్పుడు చేతితో ఆపాలని, చేతకాకపోతే నోటితో, అదీ చేతకాకపోతే మనసులోనైనా అసహ్యించుకోవాలని, ఆ చివరిది విశ్వాసపు అతి బలహీనమైన మెట్టు అని ముస్లిం గ్రంథంలోని ప్రసిద్ధ హదీసు చెబుతోంది. ఆ రోజు మా చేతికి అడ్డమేమీ లేదు. నోటికి అడ్డమేమీ లేదు. ఉద్యోగం పోయే ప్రమాదం కూడా లేదు. ‘ఈ లెక్క ఆమె తేల్చింది’ అనడానికి ఎంతసేపు పడుతుంది? మేమే ఏరికోరి చివరి మెట్టు మీద కూర్చుని, దాన్ని మంచితనం అనుకున్నాం. సాక్ష్యాన్ని దాచేవాని హృదయం పాపంలో పడుతుందని అల్ బఖరా సూరా (2: 283) హెచ్చరిస్తోంది. ఆ ఆయతు అప్పుల లావాదేవీల సందర్భంలో వచ్చినదే, నిజమే. కానీ ఒక మనిషి శ్రమ మరొకరి ఖాతాలో జమ అవుతుంటే చూసి ఊరుకోవడం కూడా లెక్క తప్పడమే కదా!

దీనికి ఎదురుగా హుదైబియా చూడండి. హిజ్రీ 6వ సంవత్సరం. ఒప్పందం కుదిరింది. ఖుర్బానీ చేసి తల క్షౌరం చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించినా దుఃఖంలో ఉన్న సహాబీలు ఎవరూ కదల్లేదు. ఆయన గుడారంలోకి వెళ్లి హజ్రత్ ఉమ్మె సలమా (రజి)తో విషయం చెప్పారు. మీరు ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి వెళ్లి ముందు మీ ఖుర్బానీ మీరు చేయండి, మీ తల క్షౌరం చేయించుకోండి అని ఆమె సలహా ఇచ్చారు. ఆయన అలాగే చేశారు. చూసి అందరూ లేచారు. ఆ సలహా ఎవరిదో పద్నాలుగు శతాబ్దాల తరువాత తిరుచానూరులో కూర్చున్న మనకు కూడా తెలుసు. ఎందుకు తెలుసు? ఆమెదని చెప్పారు గనుక. ఆమె పేరుతోనే గ్రంథస్థం చేశారు గనుక.

మరొక సంగతి. మాట్లాడకపోవడం ఒక తప్పయితే, అడగకుండా మాట్లాడటం ఇంకొక తప్పు. మా మిత్రుడు ఒకాయనకు లాడ్జీల దుప్పట్లు ఉతికించే కాంట్రాక్టు ఉండేది. ఒక లాడ్జీలో గదులు కడిగే స్త్రీలకు జీతం తక్కువ ఇస్తున్నారని ఆయనకు ఆవేశం వచ్చింది. నేరుగా వెళ్లి మేనేజరుతో గొడవపడ్డాడు. ఫలితం ఏమిటంటే, ‘నువ్వే చెప్పించావా?’ అంటూ ఒకామెను రెండు రోజులు పనికి రావద్దన్నారు. ఆయన ఓదార్చబోతే ఆమె, ‘నేను మిమ్మల్ని అడిగితినా భాయ్? జీతం సంగతి మేము పదిమందిమి కలిసి పండగ ముందర అడుగుదామనుకుంటిమి. మాకు ఇప్పుడు కావాల్సింది గుడ్డలు మార్చుకునేదానికి ఒక చోటు, ఒక బాత్‌రూమ్’ అన్నది. యాభై గదులు, యాభై బాత్‌రూములు కడిగే ఆడవాళ్లు, తాము వాడుకోవడానికి ఒక్కటి లేక, మధ్యాహ్నందాకా మంచినీళ్లు తాగకుండా పనిచేస్తున్నారు! ఈ సంగతి మగవాడికి తనంతట తట్టదు. అడిగితేనే తెలుస్తుంది. మూసా (అలై) ముందు అడిగిందీ అందుకేనేమో.

ఆ మిత్రునికి లాడ్జీ కింది అంతస్తులో దుప్పట్ల మూటలు వేసుకునే ఒక గది, దానికి ఆనుకొని ఒక బాత్‌రూమ్ ఉండేవి. మూటలు ఒక మూలకు జరిపి, తలుపుకు లోపల గడియ వేయించి, తాళంచెవి ఆ స్త్రీల చేతికిచ్చాడు. అంతే. ఈ సంగతి ఆయన మాకెప్పుడూ చెప్పలేదు. చాలాకాలం తరువాత వేరే పనిమీద వెళితే ఆ స్త్రీలే చెప్పారు.

‘ఆడవాళ్లు బయట పనికి వస్తే ఇలాంటివి తప్పవు’ అనే పెద్దమనుషులు మనలో ఇంకా ఉన్నారు. వారికొక మాట. అన్నూర్ సూరాలో చూపులు దించుకోమనే ఆజ్ఞ మొదట వచ్చింది మగవారికి (24: 30). స్త్రీలకు ఆజ్ఞ ఆ తరువాతి ఆయతులో ఉంది. పురుషులు సంపాదించినదానిలో వారికి భాగమని, స్త్రీలు సంపాదించినదానిలో వారికి భాగమని అన్నిసా సూరా (4: 32) స్పష్టం చేసింది. హజ్రత్ ఖదీజా (రజి) వ్యాపారం, ఉహద్ మైదానంలో గాయపడినవారికి నీళ్లు మోసిన స్త్రీలు, ఇవన్నీ మనం మీలాద్ సభల్లో గొప్పగా చెప్పుకునేవే. సభ ముగిశాక మరచిపోతే ఎలా?

ఇక మన ఇల్లు. ఆఫీసుకంటే ఇక్కడే మాకు ఎక్కువ భయం వేస్తుంది. రాయచోటి, రాజంపేట, కడప, చిత్తూరు ప్రాంతాల నుండి ఎందరో స్త్రీలు కువైట్‌కు, ఇతర గల్ఫ్ దేశాలకు ఇంటి పనికి వెళుతున్నారు. హిందువులూ ఉన్నారు, మనవారూ ఉన్నారు. పాస్‌పోర్టు తీసి దాచుకున్న యజమాని గురించి, నెలల జీతం ఎగ్గొట్టిన యజమాని గురించి, రాత్రి పన్నెండు దాకా నిలబెట్టిన ఇంటి గురించి ఫోనులో విన్నప్పుడు మన కళ్లు చెమరుస్తాయి. ఆ యజమానులలో చాలామంది మన కలిమా చదివేవారే. అల్లాహ్ దగ్గర ఆ కలిమా వారికి ఈ లెక్క తప్పించదు. పని పూర్తిగా చేయించుకొని కూలి ఇవ్వనివానికి ప్రళయదినాన తానే ప్రత్యర్థిగా నిలబడతానని అల్లాహ్ ప్రకటించినట్లు బుఖారీలోని హదీసె ఖుద్సీ ఉంది. కువైట్ 2015లో ఇంటి పనివారి కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలు మించని పని, వారానికి ఒక సెలవు, ఏడాదికి 30 రోజుల వేతనంతో కూడిన సెలవు అందులో రాశారు. అమలు సంగతి అక్కడినుండి వచ్చినవారిని అడగాలి. రాత అయితే ఉంది.

మరి మన ఇంట్లో? పాత్రలు తోమే ఆమెకు వారానికి ఒక సెలవు ఎందరం ఇస్తున్నాం? ఆమె కోసం కిటికీలో వేరుగా పెట్టిన గ్లాసు ఏ హదీసులోది? వంట చేసి తెచ్చిన పనివానిని పక్కన కూర్చోబెట్టుకోమని, వీలు కాకపోతే అదే భోజనంలో నుండి ఒకటి రెండు ముద్దలైనా అతనికి పెట్టమని దైవప్రవక్త (స) చెప్పారు, ఎందుకంటే వంట వేడి భరించినది అతనే. హజ్రత్ అనస్ (రజి) పదేళ్లు ఆయన సేవలో ఉన్నారు. ఆ పదేళ్లలో ఒక్కసారి విసుగు మాట వినలేదని ఆయనే చెప్పుకున్నారు. పదేళ్లు! మన ఇంట్లో పదిరోజులు లెక్క వేసి చూడండి. కువైట్‌లో మన అక్కకు జరిగినది అన్యాయమైతే, మన ఇంటి పెరట్లో మాదిగవాడ నుండి వచ్చిన అక్కకు జరిగేదీ అదే. సముద్రం మధ్యలో ఉన్నంతమాత్రాన పేరు మారదు.

చట్టం గురించి కూడా కొంచెం తెలుసుకొని ఉండాలి. 1992లో రాజస్థాన్‌లో భన్వారీదేవి అనే కుమ్మరి కులపు స్త్రీ, ప్రభుత్వ కార్యక్రమంలో గ్రామ కార్యకర్తగా, ఒక బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించింది. ఆ పని చేసినందుకు ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. కింది కోర్టు 1995లో నిందితులను అత్యాచార నేరం నుండి విడిచిపెట్టింది. ఆ దారుణం చూసి మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళితే 1997లో విశాఖ తీర్పు వచ్చింది. దాని మీదే 2013లో పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చింది. పెద్ద పెద్ద కంపెనీల్లో ఏసీ గదుల్లో పనిచేసే స్త్రీలకు ఈరోజు ఉన్న రక్షణకు మూలం ఆ కుమ్మరి స్త్రీ.

పదిమంది లేక అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు స్త్రీయే, సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలే. పదిమంది కంటే తక్కువ ఉన్నచోట, లేదా యజమాని మీదే ఫిర్యాదయితే, జిల్లా స్థాయి స్థానిక కమిటీ ఉంది. ఇంటి పనివారికీ ఈ చట్టం వర్తిస్తుంది. మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. రాయలేని స్త్రీకి రాసిపెట్టడంలో సాయం చేయవలసిన బాధ్యత కమిటీదే. మన దుకాణంలో, మన మదర్సాలో, మన ఆసుపత్రిలో ఈ కమిటీ ఉందా? ఎవరైనా ఆమెను వేధిస్తుంటే చూసినవారు ‘మాకెందుకు’ అని తప్పుకోకుండా కమిటీ ముందు చూసింది చూసినట్లు చెబుతారా? సోదరుడు పీడితుడైనా పీడకుడైనా అతనికి సహాయపడమని దైవప్రవక్త (స) అన్నప్పుడు, పీడకునికి సాయమెలాగని సహాబీలు ఆశ్చర్యపోయారు. అతని చేయి పట్టి ఆపడమే అతనికి సాయమని ఆయన వివరించారు. వేధించేవాడు మనవాడే అయినప్పుడు ఈ హదీసు మరీ అవసరపడుతుంది. మసీదులో పక్కన నిలబడే మనిషి గురించి నిజం చెప్పడం ఎంత కష్టమో మాకు తెలియక కాదు. అయినా అన్నిసా సూరాలో (4: 135) అల్లాహ్ న్యాయం కోసం సొంత తల్లిదండ్రులకు, బంధువులకు, చివరికి మనకే వ్యతిరేకంగానైనా సాక్ష్యం చెప్పమన్నాడు.

మద్‌యన్ కథ నీడ దగ్గర ముగియలేదు. ఆ ఇద్దరిలో ఒకామె సిగ్గుతో నడుచుకుంటూ వచ్చి, తండ్రి పిలుస్తున్నాడని మూసా (అలై)తో చెప్పింది. ఇంటికి వెళ్లాక వారిలో ఒకామె తండ్రితో, ఈయనను పనికి పెట్టుకోమని, పనిలో పెట్టుకోదగినవారిలో బలమూ నమ్మకమూ రెండూ ఉన్నవాడే మేలని సిఫారసు చేసింది (28: 26). కాబోయే ప్రవక్త గురించి యోగ్యతాపత్రం ఇచ్చింది ఆ బావి దగ్గర ఎవరికీ కనబడని స్త్రీ. ఆమె మాట విని తండ్రి ఆయనకు పని ఇచ్చాడు. ఆ మాటను అల్లాహ్ తన గ్రంథంలో భద్రపరిచాడు.

మా విషయంలో సాక్ష్యం చెప్పవలసిన సోదరి ఆ లెక్కల సోదరి. ఆమె ఏమంటుందో మేము ఊహించనక్కరలేదు. ఆ సాయంత్రం వరండాలో చెప్పేసింది.